చివరి మనిషి వచ్చేదాకా: అడవి బాట పరుగుపై ఒక సమీక్ష

బోధన్ వైపు నిజాంసాగర్ కాలువ గట్టు మీద తెల్లారి ఐదింటికే సెల్‌ఫోన్ లైట్లు కదులుతుంటాయి. కానిస్టేబుల్ ఉద్యోగానికి తయారవుతున్న పిల్లలు. బైకులు కల్వర్టు పక్కన నిలిపి, చెప్పులు వరసగా పెట్టి, ఫోన్లు ఒకడి టోపీలో వేసి ఉరకడం మొదలుపెడతారు. వాళ్ల ప్రపంచం 1600 మీటర్లు. 2022 నోటిఫికేషన్ ప్రకారం మగవాళ్లు ఆ దూరాన్ని 7 నిమిషాల 15 సెకన్లలో ముగించాలి. ఆడవాళ్లకు 800 మీటర్లు, 5 నిమిషాల 20 సెకన్లు. ఒక చలికాలం పొద్దున ఆ గుంపులో ఒక పిల్లవాడితో, అడవుల్లో గుట్టల్లో యాభై, నూరు కిలోమీటర్లు ఉరికే పోటీలు ఉంటాయని చెప్పాను. అతను చెమట తుడుచుకుంటూ అడిగిన మాట ఒకటే: "ఉరికితే ఏమొస్తది సార్? జాబొస్తదా?"

నవ్వి ఊరుకోదగ్గ ప్రశ్న కాదది. దేశంలో అడవి బాట పరుగులు, అంటే ట్రైల్ రన్నింగ్ పోటీలు, ఏటా కొత్తవి పుట్టుకొస్తున్నాయి. వాటి గురించి రాసేవాళ్లు సాధారణంగా పతకాలు, ఖరీదైన బూట్లు, కొండల మీద సూర్యోదయం ఫొటోలు చూపిస్తారు. ఈ పరుగు ఎక్కడిది, ఒంటిని ఏం చేస్తుంది, అడవిని ఏం చేస్తుంది, నిజామాబాద్ లాంటి చోటికి పనికొస్తుందా అన్నవి ఒక్కచోట పెట్టి చూడటం అరుదు. ఆ లెక్క తీసే ప్రయత్నమే ఇది.

ఏది ట్రైల్

తారు రోడ్డు కాని దారి మీద, పొలాల్లో, అడవిలో, గుట్టల్లో సాగేది ట్రైల్ పరుగు. అంతర్జాతీయ నిబంధనల ప్రకారం మొత్తం దారిలో తారు, సిమెంటు భాగం నాలుగో వంతుకు మించకూడదు. 42.195 కిలోమీటర్ల మారథాన్ కన్నా పొడవైతే అల్ట్రా అంటారు. అంతర్జాతీయ ట్రైల్ రన్నింగ్ సంఘం 2013లో ఏర్పడింది. 2015లో ప్రపంచ అథ్లెటిక్స్ సమాఖ్య ఈ ఆటను తన గూటిలోకి తీసుకుంది.

ఇక్కడ దూరం ఒక్కటే చెబితే ఏమీ చెప్పనట్టే. అందుకే పోటీల కష్టాన్ని పోల్చడానికి తేలికైన లెక్క ఒకటి వాడతారు: ఎక్కిన ప్రతి 100 మీటర్ల ఎత్తునూ అదనంగా ఒక కిలోమీటరు కింద వేసుకోవాలి. 50 కిలోమీటర్ల దారిలో మొత్తం వెయ్యి మీటర్ల ఎక్కుడు ఉంటే అది 60 కింద లెక్క. 1892లోనే నైస్మిత్ అనే స్కాట్లాండ్ కొండ నడకరి గంటకు మూడు మైళ్లు, ప్రతి రెండు వేల అడుగుల ఎత్తుకు ఇంకో గంట అని సూత్రం చెప్పాడు. మన పశువుల కాపరిని అడిగితే ఇదే మాట ఇంకోలా అంటాడు: "గుట్ట అవతలి ఊరు కోసెడే, గుట్టెక్కి పోతే మాత్రం పూట పడుతది."

మరో తేడా వేగం. కానిస్టేబుల్ పరుగు గంటకు 13 కిలోమీటర్ల పైచిలుకు పడుతుంది. 50 కిలోమీటర్ల అడవి పోటీని ఎనిమిది గంటల్లో ముగించడానికి గంటకు ఆరుంబావు చాలు. ఎత్తు వచ్చినచోట దాదాపు అందరూ నడుస్తారు, గెలిచేవాళ్లలో కూడా చాలామంది నడుస్తారు. కాబట్టి ఈ ఆటకు పరుగు అన్న పేరే సగం అబద్ధం. వేగం తగ్గించుకోవడం తెలిసినవాడి ఆట ఇది.

గుర్రం కుంటుపడితే పుట్టిన ఆట

అమెరికాలో కాలిఫోర్నియా కొండల్లో వంద మైళ్ల గుర్రపు పందెం ఒకటి జరిగేది. 1973లో అందులో గార్డీ ఐన్స్‌లీ అనే రౌతు గుర్రం కుంటుపడింది. మరుసటి ఏడు అతను గుర్రం లేకుండా సొంత కాళ్లతో బయలుదేరి 23 గంటల 42 నిమిషాల్లో చేరాడు. 1977 నుంచి అది మనుషుల పోటీగా, వెస్టర్న్ స్టేట్స్ పేరుతో సాగుతోంది. ఐరోపాలో మాంట్ బ్లాంక్ పర్వతం చుట్టూ మూడు దేశాల మీదుగా సాగే పోటీ 2003లో మొదలైంది. దూరం సుమారు 170 కిలోమీటర్లు, ఎక్కుడు సుమారు పది వేల మీటర్లు. తొలి ఏడు వాన, చలి మధ్య ఏడు వందల మందికి పైగా బయలుదేరితే ముగించినవాళ్లు 67 మందే.

మన దేశంలో ఈ గాలి బెంగళూరు మీదుగా వచ్చింది. బెంగళూరు అల్ట్రా, శ్రీరంగపట్నం దగ్గర కాలువ గట్ల మీద సాగే కావేరి ట్రైల్ మారథాన్, చిక్కమగళూరు కాఫీ తోటల్లో మల్నాడ్ అల్ట్రా, లదాఖ్‌లో 72 కిలోమీటర్ల ఖర్దుంగ్ లా చాలెంజ్ దారి చూపాయి. హైదరాబాద్‌లో 2007లో మొదలైన హైదరాబాద్ రన్నర్స్ సంఘం ఆగస్టు నెలాఖరు మారథాన్‌ను పెద్ద పండుగ చేసింది గానీ అది రోడ్డు పరుగు. వీటిలో మన జిల్లాకు దగ్గరి చుట్టం కావేరి ట్రైల్. ఒకపక్క కాలువ, ఒకపక్క వరి, కాళ్ల కింద మట్టి గట్టు. నిజాంసాగర్ ఆయకట్టు మనిషికి ఆ దృశ్యం సొంతింటి పెరడులా ఉంటుంది.

మన కాళ్ల చరిత్ర

ఆట కొత్తదే. అడవిలో దూరం నడవడం మాత్రం మనకు కొత్త కాదు. టపా మోసిన హర్కారాలు ఈటెకో కర్రకో గజ్జెలు కట్టుకుని అడవి దారుల్లో ఉరికేవాళ్లు. ఆ గజ్జెల చప్పుడు ఊరి జనానికి ఉత్తరం వస్తోందని, మృగానికి మనిషి వస్తున్నాడని చెప్పేది. ఆదిలాబాద్ అడవుల్లో మెస్రం వంశస్థులు పుష్య అమావాస్య నాటి నాగోబా జాతర కోసం కేస్లాపూర్ నుంచి కలమడుగు దగ్గర గోదావరి దాకా రోజుల తరబడి చెప్పుల్లేకుండా నడిచి గంగాజలం తెస్తారు. ఉగాదికి కన్నడ భక్తులు ఆత్మకూరు దగ్గర వెంకటాపురం నుంచి నల్లమల లోపలికి దిగి, పెచ్చెరువు, భీముని కొలను, కైలాసద్వారం మీదుగా శ్రీశైలం చేరతారు. దారి పొడవునా మజ్జిగ, అంబలి పెట్టేవాళ్లు ఉంటారు. ఇప్పటి పోటీల్లో ఎయిడ్ స్టేషన్ అనే మజిలీకి ఇంతకంటే పాత రూపం వెతకనక్కర్లేదు.

మన జిల్లాలో ఇంకో వరస ఉంది. బీడీలు చుట్టే ఇళ్లు నిజామాబాద్ చుట్టుపక్కల వేలకు వేలు. ఆ బీడీకి ఆకు ఎండాకాలం అడవి నుంచి వస్తుంది. తునికాకు కోతకు పోయే ఆడవాళ్లు చీకటితో లేచి, ఎండ ముదరకముందే మూట నెత్తిన పెట్టుకుని తిరిగొస్తారు. వాళ్లకు మెడలో పతకం వేసినవాడు లేడు. కానీ సిరికొండ, భీమ్‌గల్ అడవుల్లో ఏ ఒర్రెలో నీళ్లు ఏ నెల దాకా ఉంటాయో, ఏ మలుపులో ఎలుగు తిరుగుతుందో వాళ్లకు తెలిసినంత ఏ మ్యాపుకూ తెలియదు. ట్రైల్ అని మనం ఇప్పుడు పిలుస్తున్న ప్రతి బాటా వాళ్ల కాళ్లు, వాళ్ల పశువుల గిట్టలు, వాళ్ల ఎడ్లబండ్ల చక్రాలు వేసినదే.

ఇక ఆ పిల్లవాడి ప్రశ్నకు సర్కారు దగ్గరే ఒక జవాబు ఉంది. అటవీ శాఖలో ఫారెస్ట్ బీట్ ఆఫీసర్ ఉద్యోగానికి నడక పరీక్ష పెడతారు. మగవాళ్లకు నాలుగు గంటల్లో 25 కిలోమీటర్లు, ఆడవాళ్లకు అదే నాలుగు గంటల్లో 16 కిలోమీటర్లు. మగవాళ్ల లెక్క గంటకు సరిగ్గా 6.25 కిలోమీటర్లు. అదే వేగం ఎనిమిది గంటలు పట్టుకుంటే 50 కిలోమీటర్ల అల్ట్రా పూర్తి. అంటే సర్కారు తెలిసో తెలియకో సగం అల్ట్రాను ఉద్యోగ పరీక్షగా పెట్టింది. దానికి సరైన సాధన చేయించే చోటు మాత్రం పల్లెల్లో లేదు. నోటిఫికేషన్ వచ్చిన నెలలో మొదలుపెట్టి, కాళ్లు బొబ్బలెక్కించుకుని, పరీక్ష రోజు ఎండలో కూలబడటమే చాలామంది అనుభవం.

ఒంటి లెక్క, చక్కెర లెక్క

చదునైన దారిలో పరుగుకు అయ్యే ఖర్చు కిలో బరువుకు, కిలోమీటరుకు దాదాపు ఒక కిలోకేలరీ. 60 కిలోల మనిషి 50 కిలోమీటర్లు పోతే సుమారు మూడు వేలు. కండరాల్లో, కాలేయంలో దాచుకునే పిండి నిల్వ రెండు వేలకు మించదు. మిగతాది ఒంటి కొవ్వు నుంచి రావాలి, లేదా దారిలో తినాలి. అందుకే దూరపు పరుగుల్లో గంటకు 60 గ్రాముల పిండిపదార్థం తీసుకోమని చెబుతారు. ఎనిమిది గంటలకు దాదాపు అరకిలో. విదేశీ జెల్ ప్యాకెట్లలో అమ్మేది ఇదే, మరీ ఎక్కువ ధరకు.

ఇక్కడ బోధన్ మనిషి చెవులు రిక్కించాలి. జెల్ ప్యాకెట్ల మీద ఈమధ్య గ్లూకోజ్, ఫ్రక్టోజ్ కలిపామని గొప్పగా రాస్తున్నారు. పేగులో ఆ రెండింటికీ వేర్వేరు ద్వారాలు ఉంటాయి కాబట్టి కలిపి తీసుకుంటే గంటకు 90 గ్రాముల దాకా ఒంటికి పడుతుంది. మామూలు చెరకు చక్కెర అంటే సరిగ్గా ఆ రెండింటి జంటే, సగం సగం. 1937లో పుట్టి, ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదిగా పేరు మోసిన నిజాం షుగర్ ఫ్యాక్టరీ బోధన్ శక్కర్‌నగర్‌లో బస్తాల్లో నింపింది ఈ సరుకునే. 2002లో ప్రైవేటు చేతుల్లోకి పోయి, 2015 డిసెంబరులో లే-ఆఫ్‌తో మూతపడిన ఆ ఫ్యాక్టరీ గొట్టాలు ఇప్పుడు తుప్పు పట్టాయి. బెల్లం ముక్క, పల్లి పట్టీ, చిటికెడు ఉప్పు మాత్రం ఏ కిరాణా కొట్టులోనైనా దొరుకుతాయి.

ఉప్పు ఎందుకంటే, 1960లో రాబర్ట్ క్రేన్ అనే శాస్త్రవేత్త పేగు గోడ దగ్గర చక్కెర, సోడియం జంటగానే లోపలికి పోతాయని చూపించాడు. వాటి వెంట నీరు పోతుంది. విరేచనాల పిల్లలకు పట్టే ఓఆర్‌ఎస్‌కు మూలం అదే. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రంలో లీటరుకు 2.6 గ్రాముల ఉప్పు, 13.5 గ్రాముల గ్లూకోజ్ ఉంటాయి. ఉత్త నీళ్లు కడుపు నిండా తాగడం దూరపు పరుగులో ప్రమాదం. 2002 బోస్టన్ మారథాన్‌లో 488 మంది రక్తం పరీక్షిస్తే నూటికి 13 మందిలో సోడియం ఉండాల్సిన దానికన్నా పడిపోయింది. ముఖ్య కారణం దాహానికి మించి తాగడమే. "పరుగెత్తి పాలు తాగేకంటే నిలబడి నీళ్లు తాగడం మేలు" అన్న సామెతను మనం ఆశాపాతకానికి వాడతాం. అడవి పరుగులో అది అక్షరాలా వైద్య సలహా. మజిలీ దగ్గర ఆగి, దాహమైనంతే తాగి, ఉప్పు నాలుక మీద వేసుకుని, రెండు నిమిషాలు నిలబడినవాడు చివరి పది కిలోమీటర్లలో ఇంకా నిలబడి ఉంటాడు.

కాళ్ల సంగతి వేరు. అందరూ ఎక్కుడుకు భయపడతారు గానీ తొడ కండరాలను చంపేది దిగుడు. దిగేటప్పుడు కండరం సాగుతూనే బరువు ఆపాలి. మరునాడు మెట్లు దిగలేక గోడ పట్టుకునేది అందుకే. కండరం మరీ చితికితే దాని చెత్త మూత్రపిండాలకు అడ్డం పడుతుంది. మూత్రం కాఫీ రంగులో వస్తే ఆసుపత్రికి పోవాల్సిందే. నొప్పి మాత్ర మింగి పరుగు సాగించడం ఆ ప్రమాదాన్ని పెంచుతుంది.

ఈ నేల ఏమంటుంది

నిజామాబాద్ పట్టణానికి ఏడు కిలోమీటర్లలో మల్లారం అడవి. బోధన్ తోవలో జానకంపేట పక్క అశోక్ సాగర్, ఆ వైపే గుట్టల మధ్య అలీసాగర్. 1923లో మొదలై 1931లో పూర్తయిన నిజాంసాగర్ నుంచి వచ్చే ప్రధాన కాలువ, దాని ఉపకాలువలు ఈ పల్లెలన్నిటినీ దారంలా కుట్టాయి. వర్ని దాటితే బడా పహాడ్ దర్గా ఉన్న అడవి గుట్టలు. తూర్పున ఇందల్వాయి, సిరికొండ, భీమ్‌గల్ అడవులు. కార్తీక పౌర్ణమికి జనం పోటెత్తే లింబాద్రి గుట్ట అక్కడిదే.

ఇవి హిమాలయాలు కావు. ఇక్కడ ఎత్తు కాదు పరీక్ష. మొదటి పరీక్ష ఎండ. మే నెలలో ఈ జిల్లా 45 డిగ్రీలు చూస్తుంది. ఫిబ్రవరి కల్లా టేకు ఆకు రాలుస్తుంది, అడవిలో నీడ పోతుంది, ఎండుటాకు మీద చిన్న నిప్పు రవ్వ చాలు. వానాకాలం వస్తే రెండో పరీక్ష: బోధన్ వైపు నల్లరేగడి. వాన పడ్డ మరునాడు రేగడిలో పది అడుగులు వేసి చూడండి. బూటు కింద మట్టి పొరమీద పొర కట్టి, అడుగు పీటంత అవుతుంది. పుల్లతో గీకితే పోదు, తన్నితే బూటే ఊడి పోతుంది. ఈ నేలకు తెలిసినవాళ్లు వానలో చెప్పులు చేతపట్టి నడుస్తారు. తూర్పు చెలకల్లో ఆ బాధ లేదు, మొరం కాలికి పట్టు ఇస్తుంది, కానీ రేగు ముళ్లు, పల్లేరు కాయలు మెత్తటి బూటును దాటి వస్తాయి.

మిగిలేది నవంబరు నుంచి జనవరి చివరి దాకా. అదే చెరకు కొట్టే కాలం కూడా. చెరకు విస్తీర్ణం తగ్గి వరి, సోయా, మక్క, పసుపు దాని చోటు తీసుకున్నా, ఉన్న చెరకు పక్క ప్రాంతాల ఫ్యాక్టరీలకు పోతూనే ఉంది. వెనక లైటు లేకుండా, ఇరువైపులా గడలు వేలాడేసుకుని, మంచులో వచ్చే చెరకు ట్రాక్టరు ముందు పరుగు మనిషి తలకు కట్టుకున్న దీపం దోమంత. కోసిన మడిలో మోళ్లు మేకుల్లా నిలుస్తాయి. చెరకు ఆకులో, వరి గట్ల మీద రక్తపింజర చుట్ట చుట్టుకుని ఉంటుంది. కాబట్టి దారి గీసేవాడు మ్యాపు కన్నా ముందు పంటల క్యాలెండర్ చూడాలి, రోడ్డు దాటే ప్రతిచోటా మనిషిని నిలబెట్టాలి, పాము విషానికి మందున్న ఆసుపత్రి ఎంత దూరమో ముందే తెలిసి ఉండాలి.

అడవి ఎవరిది

రిజర్వు అడవిలోకి అటవీ శాఖ అనుమతి లేకుండా వంద మందిని దింపడం కుదరదు. అభయారణ్యమైతే 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఇంకా గట్టిది. 27వ సెక్షన్ ప్రవేశాన్నే కట్టడి చేస్తుంది. 28వ సెక్షన్ అనుమతి ఇవ్వదగ్గ పనుల జాబితా చెబుతుంది: పరిశోధన, ఫొటోలు, పర్యాటకం వంటివి. పోటీ పరుగు ఆ జాబితాలో పేరు పెట్టి లేదు, పర్యాటకం అన్న గొడుగు కింద దూరాలి. 1952లోనే అభయారణ్యమైన పోచారం మన పొరుగునే ఉంది. అక్కడ మైకులు పెట్టి, రంగు రిబ్బన్లు కట్టి, వేయి మందిని ఉరికించాలన్న ఆలోచన వచ్చిన రోజే మానుకోవడం మంచిది.

చట్టం పక్కన పెట్టినా మృగం ఉంది. ఈ అడవుల్లో చిరుత, ఎలుగు రెండూ ఉన్నాయి. రేగు పండే చలికాలం, ఇప్ప పూసే ఎండాకాలం, తెల్లారి, మునిమాపు ఎలుగుకు తిండివేళలు. ఎలుగు మనిషిని వెతుక్కుంటూ రాదు. మలుపులో తటాలున ఎదురైతే భయపడి మీద పడుతుంది. అడవికి పోయే ఊరి మనుషులు గట్టిగా మాట్లాడుకుంటూ, కర్రతో నేల తట్టుకుంటూ పోయేది అందుకే. చెవుల్లో పాట పెట్టుకుని, మెత్తటి బూట్లతో, ఒంటరిగా, చప్పుడు లేకుండా ఉరికే మనిషి ఆ పాత జాగ్రత్తలన్నీ ఒక్కసారే వదిలేసినట్టు. పోటీ మొదలుపెట్టే గంటను పొద్దెక్కిన తర్వాతకు జరపడం, చెవి ఫోన్లు నిషేధించడం, ఇద్దరిద్దరుగా పంపడం ఖర్చులేని పనులు.

మరునాటి అడవి సంగతి కూడా చూడాలి. జెల్ ప్యాకెట్ చింపిన మూల ముక్క గోరంత ఉంటుంది, తీపి వాసన ఉంటుంది, పశువు నాకుతుంది. ప్యాకెట్లు వద్దని బెల్లం ఉండలు మోదుగ ఆకు దొప్పలో పెడితే ఆ బాధ లేదు. ప్లాస్టిక్ రిబ్బన్ల బదులు ముగ్గు పిండితో బాణం గుర్తు వేస్తే వానకో గాలికో అదే పోతుంది. ఇలాంటివి ఆలోచించడానికి విదేశీ పుస్తకం అక్కర్లేదు, ఊళ్లో పెళ్లి చేసిన అనుభవం చాలు.

ఆడపిల్లల దారి

దూరం పెరిగే కొద్దీ ఆడ, మగ తేడా సన్నగిల్లుతుందా అన్నది శాస్త్రవేత్తలు ఇంకా వాదించుకుంటున్న సంగతి. ఉదాహరణలు మాత్రం ఆగి చూడదగ్గవి. 2017లో కోర్ట్నీ డౌవాల్టర్ అమెరికాలో మోయబ్ 240 మైళ్ల పోటీలో మగవాళ్లందరినీ దాటి, రెండో స్థానం కన్నా దాదాపు పది గంటల ముందు వచ్చింది. టెనెసీ అడవిలో 1986 నుంచి జరిగే బార్క్‌లీ మారథాన్స్‌ను 2024లో జాస్మిన్ పారిస్ 60 గంటల గడువుకు 99 సెకన్లు మిగిలి ఉండగా ముగించింది. ఆ పోటీ పూర్తి చేసిన తొలి మహిళ ఆమె.

మన జిల్లా ఈ విషయంలో ఎవరికీ తీసిపోదు. సిరికొండ మండలం పాకాల తండా బిడ్డ మాలావత్ పూర్ణ సాంఘిక సంక్షేమ గురుకులంలో చదువుతూ, భువనగిరి బండ మీద ఎక్కడం నేర్చి, 2014 మే 25న 13 ఏళ్ల 11 నెలల వయసులో ఎవరెస్టు ఎక్కింది. 2022 నాటికి ఏడు ఖండాల శిఖరాలూ పూర్తి చేసింది. రెండుసార్లు ప్రపంచ బాక్సింగ్ విజేత నిఖత్ జరీన్ నిజామాబాద్ కలెక్టరేట్ మైదానంలో మొదట ఉరికే పిల్లే. ఈ ఇద్దరి నుంచి తేలేది ఒకటి: కాళ్లకు, ఊపిరికి ఇక్కడ కొదవ లేదు. చేయి పట్టి తీసుకుపోయే ఒక బడి, ఒక కోచ్, ఒక మైదానం దొరికినచోట ఆ కాళ్లు ఎంత దూరమైనా పోయాయి. కాలువ గట్టు మీద తెల్లారి మగపిల్లలే ఎక్కువ కనిపిస్తారంటే కారణం దూరం కాదు, చీకటి. వెలుగు, తోడు, దారిలో ఒక మరుగు చోటు ఉంటే ఆ గట్టు లెక్కే మారుతుంది.

గన్సు పాఠం

2021 మే 22న చైనాలోని గన్సు రాష్ట్రంలో వంద కిలోమీటర్ల కొండ పరుగు జరిగింది. బయలుదేరినవాళ్లు 172 మంది. పొద్దున ఎండ, మధ్యాహ్నానికి వడగళ్లు, గడ్డకట్టించే గాలి. చాలామంది ఒంటి మీద నిక్కరు, పలుచని బనియను. వెచ్చటి కోటు తప్పనిసరి సామాన్ల జాబితాలో లేదు. 21 మంది చలికి చచ్చిపోయారు. బతికినవాళ్లలో ఆరుగురిని కాపాడింది జు కెమింగ్ అనే గొర్రెల కాపరి. కొండ గుహలో మంట వేసి, దుప్పట్లు కప్పి, వాళ్లకు చోటిచ్చాడు. నిర్వాహకులకు దొరకని చోటు కాపరికి తెలుసు.

మన దగ్గర చలి చంపదు, ఎండ చంపుతుంది. పాఠం మాత్రం అదే. వాతావరణం మారితే పోటీ ఆపేసే అధికారం ఒక మనిషి చేతిలో ఉండాలి, దాన్ని వాడే ధైర్యం ఆ మనిషికి ఉండాలి. దారి పొడవునా ఊరి కాపరులు, ఆకు కోసే ఆడవాళ్లు, బీట్ ఆఫీసర్లు కూలి తీసుకునే కాపలాదారులుగా ఉండాలి. వాళ్లకు టీషర్టు ఇచ్చి చప్పట్లు కొట్టించడం సరిపోదు.

పోటీల్లో అన్నిటికన్నా తక్కువ మాట్లాడుకునే మనిషి చివరివాడు. ప్రతి పోటీకీ గడువు ఉంటుంది, ఆ గడువు దగ్గరే దాని మనసు బయటపడుతుంది. దక్షిణాఫ్రికాలో సుమారు 90 కిలోమీటర్ల కామ్రేడ్స్ పరుగులో పన్నెండో గంట నిండగానే ఒక అధికారి గీతకు వీపు తిప్పి తుపాకీ పేలుస్తాడు. ఒక్క అడుగు దూరంలో ఉన్నవాడు కూడా ఓడినట్టే. వెస్టర్న్ స్టేట్స్‌కు 30 గంటల గడువు. అక్కడ ఆఖరి గంటలోనే మైదానం కిక్కిరిసిపోతుంది, ముందే గెలిచినవాళ్లు కూడా తిరిగొచ్చి నిలబడతారు. 2015లో డెబ్బై ఏళ్ల గున్హిల్డ్ స్వాన్సన్ ఆరు సెకన్లు మిగిలి ఉండగా గీత దాటింది. ఆ ఏడు గెలిచినవాడి కన్నా ఆమెనే జనం ఎక్కువ గుర్తు పెట్టుకున్నారు. మొదటిది నిఖార్సైన నియమం, రెండోది నిఖార్సైన ఆదరణ. మంచి పోటీకి రెండూ కావాలి. ఒకటి మనిషిని అడవిలో చీకటి పడకుండా వెనక్కి పిలుస్తుంది, రెండోది వచ్చేదాకా దీపం ఆర్పకుండా ఉంచుతుంది.

ఏం తేలింది

నిజామాబాద్‌కు, బోధన్‌కు అడవి బాట పరుగు పనికొస్తుంది, కానీ హైదరాబాద్ నుంచి శనివారం రాత్రి వచ్చి ఆదివారం సాయంత్రం పోయే తిరునాళ్ల రూపంలో కాదు. అడవి నడిబొడ్డు వదిలేసి, అంచున, కాలువ గట్ల మీద, చెరువు కట్టల మీద సాగేది కావాలి. రెండు మూడు వందల మందికి మించకూడదు. డిసెంబరులో, పొద్దెక్కాక మొదలవ్వాలి. యాభై పక్కన 25 కిలోమీటర్ల నాలుగు గంటల నడక కూడా ఉండాలి, బీట్ ఆఫీసర్ పరీక్షకు తయారయ్యే పిల్లలకు రుసుము లేకుండా. అప్పుడు "జాబొస్తదా" అన్న ప్రశ్నకు జవాబు సగమైనా దొరుకుతుంది. ఉద్యోగం గ్యారంటీ లేదు, దానికి కావలసిన కాళ్లు మాత్రం వస్తాయి. అన్నిటికన్నా ముందు, గెలిచినవాడి టైము రాసుకున్నంత శ్రద్ధగా చివరి మనిషి తిరిగొచ్చిన గంట రాసుకునే పోటీ కావాలి.

ఆ పొద్దున కాలువ గట్టు మీద నాతో మాట్లాడిన పిల్లవాడి గుంపు ఐదుగురు. నలుగురు ముందే వచ్చి కల్వర్టు మీద కూర్చున్నారు. ఐదో జత చెప్పులు వరసలో అలాగే ఉంది. ఎండ చెరకు మీదికి పాకింది. ఒకడికి పనికి టైమవుతోంది, బైకు తాళం చేతిలో తిప్పుతున్నాడు, అయినా లేవలేదు. చాలాసేపటికి దూరాన గట్టు మలుపులో లావుపాటి పిల్లవాడొకడు, సగం నడక సగం ఉరుకుడుగా, కనిపించాడు. అప్పుడు టోపీలోంచి ఫోన్లు తీసుకుని, అందరూ ఒకేసారి లేచారు.